బుడగలు చిన్నవయ్యాయి, మరి డీఓ ఎందుకు పడిపోయింది?

తమ్ముడూ, నీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. ఇది చదివే మిగతావాళ్ల కోసం దాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెబుతాను. పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీ ఈటీపీలో, అంటే మురుగునీటిని శుద్ధి చేసే విభాగంలో, నువ్వు షిఫ్టు చూస్తున్నావు. బ్యాక్టీరియా కోసం నీళ్లలోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు లోతు 4 మీటర్లు, అడుగున గాలిని సన్న బుడగలుగా వదిలే మెంబ్రేన్ డిఫ్యూజర్లు. ప్లాంటులో ఫ్లోర్లు, పాత్రలు డిటర్జెంటుతో కడిగిన నీళ్లు వచ్చిన రోజున బుడగలు సగానికి సగం చిన్నవవుతున్నాయి, నురగ గట్టు దాటి నడకదారి మీదికి వస్తోంది, డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మాత్రం లీటరుకు 2 మిల్లీగ్రాముల నుంచి 0.6కి దిగిపోతోంది. బ్లోయరు అదే, గాలి అంతే. ల్యాబులో తలతన్యత (సర్ఫేస్ టెన్షన్) కొలిస్తే మీటరుకు 58 మిల్లీన్యూటన్లు వచ్చింది, మామూలు నీళ్లకు 72. తలతన్యత తగ్గితే బుడగ చిన్నదవుతుంది, బుడగ చిన్నదైతే వైశాల్యం పెరుగుతుంది, అలాంటప్పుడు ఆక్సిజన్ ఎక్కువ కరగాలి కదా, పైగా 72 నుంచి 58కి తగ్గడం ఏమంత పెద్ద మార్పు అని అడిగావు.

నువ్వు చెప్పిన వరుసలో ఒక ముక్క నిజమే. వైశాల్యం నిజంగానే పెరిగింది. అయితే ఆక్సిజన్ కరిగే వేగంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి వైశాల్యం. రెండోది ఆ వైశాల్యంలో ఒక్కో చదరపు మీటరు నుంచి ఎంత వేగంగా ఆక్సిజన్ నీళ్లలోకి దిగుతుందన్నది. కేఎల్ఏ అని మనం కలిపి రాసేది ఈ రెండింటి లబ్ధాన్నే, కేఎల్ ఇంటూ ఏ. సర్ఫక్టెంటు, అంటే డిటర్జెంటులో ఉండి నీటి ఉపరితలం మీద చేరే పదార్థం, ‘ఏ’ని రెండింతలు చేస్తే ‘కేఎల్’ని నాలుగో వంతుకో ఐదో వంతుకో దించేస్తుంది. ఎందుకు దించుతుందో తెలియాలంటే నువ్వు కొలిచిన 58 అనే అంకెను కాసేపు పక్కన పెట్టాలి. బుడగ విషయంలో తలతన్యత ఎంత ఉందన్నది చిన్న సంగతి. బుడగ పైభాగానికీ కిందిభాగానికీ దానిలో తేడా ఎంత ఉందన్నదే అసలు సంగతి.

ముందు బుడగ ఎందుకు చిన్నదవుతుందో చూద్దాం, ఇక్కడే చాలామంది దారి తప్పుతారు.

రంధ్రం నుంచి బుడగ నెమ్మదిగా ఊరి విడిపోయేటప్పుడు రెండు బలాలు పెనుగులాడతాయి. నీటి ఉత్ప్లవన బలం బుడగను పైకి లాగుతుంది, రంధ్రం అంచు చుట్టూ తలతన్యత దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ రెండూ సమానమైన క్షణంలో బుడగ తెగుతుంది. లెక్క వేస్తే బుడగ వ్యాసం తలతన్యత ఘనమూలాన్ని బట్టి మారుతుందని తేలుతుంది. ఇక్కడ ఘనమూలం అన్న మాట ముఖ్యం. 1 మిల్లీమీటరు రంధ్రానికి మంచినీళ్లలో సుమారు 3.5 మిల్లీమీటర్ల బుడగ వస్తే, తలతన్యతను ఏకంగా సగం చేసినా 2.8 మిల్లీమీటర్ల బుడగ వస్తుంది. అంటే ఇరవై శాతం తగ్గుదల. నీ 72, 58 తీసుకుంటే తగ్గుదల ఏడు శాతం. కంటికి ఆనని తేడా అది.

అదీ పూర్తి తలతన్యత తగ్గుదల బుడగకు అందితేనే. డిఫ్యూజరు చీలిక దగ్గర బుడగ పుట్టి తెగడానికి పట్టే సమయం సెకనులో చిన్న భాగం. అంత కొత్త ఉపరితలం మీదికి సర్ఫక్టెంటు అణువులు ఇంకా చేరి ఉండవు. పుట్టేటప్పుడు ఆ బుడగకు తలతన్యత దాదాపు 72 కిందే లెక్క. నువ్వు ల్యాబులో రింగుతో కొలిచిన 58, గిన్నెలో నిదానంగా నిలిచి అణువులన్నీ పైకి చేరుకున్న ఉపరితలానిది.

మరి నీ కళ్లముందు బుడగలు సగమెందుకయ్యాయి? అవి చిన్నవిగా పుట్టడం వల్ల కాదు, ఒకదానితో ఒకటి కలవకుండా ఆగిపోవడం వల్ల. శుభ్రమైన నీళ్లలో డిఫ్యూజరు నుంచి రెండు మిల్లీమీటర్లుగా బయలుదేరిన బుడగలు పైకి వస్తూ వస్తూ ఢీకొని, మధ్యలో ఉన్న నీటి పొర పలచబడి తెగి, పెద్ద బుడగలుగా కలిసిపోతాయి. సర్ఫక్టెంటు ఉంటే ఆ పొరలోంచి నీరు జారిపోవడం ఆలస్యమవుతుంది, బుడగలు తాకి మళ్లీ విడిపోతాయి. పైకి వచ్చేదాకా పుట్టినప్పటి సైజులోనే ఉంటాయి. నువ్వు ట్యాంకు మీద నిలబడి చూసేది పైకొచ్చిన బుడగనే గానీ పుట్టిన బుడగను కాదు కదా.

బుడగలు కలవకపోవడానికి తలతన్యత తగ్గడమే కారణం కాదనడానికి మన సముద్రం పెద్ద సాక్ష్యం. కళింగపట్నం, బారువ, చింతపల్లి ఒడ్డున అల విరిగినప్పుడు తెల్లగా కనిపించేదంతా సన్నటి బుడగల గుంపే. అదే నాగావళి నీళ్లు రాతి మీంచి దూకిన చోట బుడగలు పెద్దవిగా ఉంటాయి, వెంటనే పోతాయి. ఉప్పు నీటి తలతన్యతను తగ్గించదు, కొద్దిగా పెంచుతుంది. సముద్రమంత ఉప్పదనానికి సుమారు 1 మిల్లీన్యూటను పెరుగుతుంది. అయినా లీటరుకు అయిదు నుంచి పది గ్రాముల ఉప్పు దాటితే బుడగలు కలవడం బాగా తగ్గిపోతుంది. క్రెయిగ్, నినమ్, పాష్లీ అనే శాస్త్రవేత్తలు 1993లో నేచర్ పత్రికలో దీని గురించి వివరంగా రాశారు. కొన్ని లవణాలు ఈ పని చేస్తాయి, కొన్ని అస్సలు చెయ్యవు. పూసపాటిరేగ, భోగాపురం వైపు రొయ్యల చెరువుల రైతులు ఈ సంగతి గమనించే ఉంటారు. చెరువు ఉప్పదనం వానలకు బాగా పడిపోయాక అదే ఏరేటరు కొట్టే బుడగలు పెద్దవిగా, త్వరగా పేలేవిగా కనిపిస్తాయి. కాబట్టి ‘చిన్న బుడగ అంటే తక్కువ తలతన్యత’ అనే సమీకరణాన్ని మనసులోంచి తీసెయ్యి.

లాప్లాస్ పీడనం గురించి కూడా ఒక మాట, నీ ప్రశ్నలో దాని గురించీ అడిగావు గనక. తలతన్యత వల్ల బుడగ లోపల పీడనం కాస్త ఎక్కువ ఉంటుంది నిజమే. 1 మిల్లీమీటరు వ్యాసార్థం బుడగకు అది 144 పాస్కల్‌లు, అంటే ఒకటిన్నర సెంటీమీటర్ల నీటి మట్టం. నీ ట్యాంకు అడుగున ఉన్నది 4 మీటర్ల నీరు. దాని ముందు ఇది లెక్కలోకి రాదు. మైక్రోబుడగల సంగతి వేరు, నీ ట్యాంకులో అవి లేవు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పైకి లేచే బుడగను దగ్గరగా చూడు.

పరిశుభ్రమైన నీళ్లలో బుడగ ఉపరితలం ఘనపదార్థంలా బిగిసి ఉండదు. అది కదులుతుంది. బుడగ పైకి పోతుంటే చుట్టూ ఉన్న నీరు దాని ఉపరితలాన్ని నెత్తి మీంచి కిందికి లాక్కుపోతుంది. నెత్తి దగ్గర ఎప్పటికప్పుడు కొత్త ఉపరితలం విప్పుకుంటుంది, అడుగున పాతది ముడుచుకుని నీటిలోకి పోతుంది. ఆక్సిజన్ నీళ్లలోకి త్వరగా దిగడానికి కారణం ఇదే. బుడగను తాకిన ప్రతి నీటి పలుచటి పొరా కొద్ది క్షణాలే తాకి, ఆక్సిజన్ తీసుకుని వెళ్లిపోతుంది, ఇంకా ఆక్సిజన్ లేని కొత్త నీరు దాని చోటికి వస్తుంది. హిగ్బీ అనే పరిశోధకుడు 1935లో చెప్పిన సిద్ధాంతం ఇదే లెక్క మీద నడుస్తుంది.

ఈ నీళ్లలో కొద్దిగా సర్ఫక్టెంటు వేశావనుకో. నీటినుంచి అణువులు ఉపరితలం మీదికి ఎక్కుతాయి. ఎక్కిన అణువుల్ని అదే ప్రవాహం కిందికి తోసుకుపోతుంది. గుర్రపుడెక్క చెరువు తూము దగ్గరకు కొట్టుకుపోయి పేరుకున్నట్టు, అవన్నీ బుడగ అడుగున పోగవుతాయి. నెత్తి మీద అణువులు తక్కువ, తలతన్యత 72కి దగ్గర. అడుగున కిక్కిరిసి ఉంటాయి, తలతన్యత తక్కువ. తలతన్యత ఎక్కువ ఉన్న చోటు తక్కువ ఉన్న చోటునుంచి ఉపరితలాన్ని తనవైపు లాగుతుంది. అంటే అడుగునుంచి నెత్తివైపు, ప్రవాహానికి ఎదురుగా. ఈ లాగుడు నీటి తోపుడుతో సరితూగిన చోట ఉపరితలం కదలడం మానేస్తుంది. అడుగుభాగం అంతా గట్టి టోపీలా బిగుసుకుపోతుంది. దీన్ని మారంగోని ప్రభావం అంటారు. ఇటలీకి చెందిన కార్లో మారంగోని పేరు మీద వచ్చింది. బుడగ అడుగున అణువులు ఇలా పోగవడం వల్ల దాని ఉపరితలం కదలిక ఆగుతుందని రష్యాలో ఫ్రుమ్‌కిన్, లెవిచ్ 1947లో లెక్కగట్టి చూపించారు.

ఎంత తేడా ఉంటే ఉపరితలం ఆగిపోతుంది? మిల్లీమీటరు బుడగకు లెక్కవేసి చూడు. చుట్టూ ఉండే నీటి పొర మందం, వేగం, స్నిగ్ధత తీసుకుంటే ఉపరితలం మీద ఒరిపిడి సుమారు మూడు పాస్కల్‌లు వస్తుంది. నెత్తి నుంచి అడుగు దాకా ఉపరితలం వెంట దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లు. గుణిస్తే నాలుగు మిల్లీన్యూటన్ల చుట్టుపక్కల వస్తుంది. అంటే పైకీ కిందికీ నాలుగైదు మిల్లీన్యూటన్ల తేడా చాలు, బుడగ మొత్తం బిగుసుకుపోవడానికి. నీ నీళ్లకు 72 నుంచి 58 దాకా, అంటే పద్నాలుగు మిల్లీన్యూటన్లు తగ్గే స్తోమత ఉంది. ‘పెద్ద మార్పు కాదు కదా’ అన్నావు చూడు, బుడగకు కావలసిన దానికి అది మూడింతలు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పకపోతే నీ ల్యాబు రీడింగు నిన్ను మళ్లీ మోసం చేస్తుంది. తలతన్యత 71 వచ్చినా, అంటే మంచినీళ్లలాగే కనిపించినా, బుడగ బిగుసుకుపోయే అవకాశం ఉంది. ఎలాగో ఆగ్నెస్ పొకెల్స్ చేసిన పని చూస్తే తెలుస్తుంది. ఆమె జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో ఇంట్లోనే ఉండి వంటా వార్పూ చూసుకున్న మనిషి. ఆ రోజుల్లో ఆడవాళ్లకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. అంట్లు తోమే నీటి ఉపరితలం ఎలా ప్రవర్తిస్తుందో గమనించి, రేకు తొట్టి ఒకటి చేసుకుని, నీటి పైతలాన్ని రేకు ముక్కతో అటూ ఇటూ జరుపుతూ, చిన్న తక్కెడకు గుండీ కట్టి దాన్ని నీటినుంచి లేపడానికి ఎంత బలం కావాలో కొలిచింది. నీటి మీది మురికి పొరను రేకుతో కుదిస్తూ పోతే మొదట్లో తలతన్యత ఏమీ మారలేదు. ఒక హద్దు దాటి అణువులు దగ్గరపడ్డాక గబగబా పడిపోయింది. ఈ ఫలితాలు 1891లో ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరంగా రాసింది, ఆయన దాన్ని నేచర్ పత్రికలో అచ్చువేయించాడు. తర్వాతి రోజుల్లో అమెరికా శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ చేసిన పనికి, 1932లో ఆయనకొచ్చిన నోబెల్‌కూ దారి వేసిన కొలత అది. ఉపరితల శాస్త్రం నేర్చుకునే ప్రతివాళ్లకూ ఆమె పేరు మొదటి పాఠంలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

బుడగ అడుగున జరిగేది అచ్చంగా ఆ రేకు ముక్క చేసిన పనే. నీటి ప్రవాహమే అణువుల్ని కుదిస్తుంది. లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములుంటే రింగు కింద తలతన్యత తగ్గినట్టే కనిపించదు. అవే అణువులు బుడగ అడుగున చిన్న చోటికి చేరేసరికి అక్కడ పొర బిగుస్తుంది. అందుకే మన ఇళ్ల కుళాయి నీళ్లలోనూ చిన్న బుడగలు పూర్తి వేగంతో పోవు. మహా పరిశుభ్రమైన నీళ్లలో ఒకటిన్నర మిల్లీమీటరు బుడగ సెకనుకు 35 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. కాస్త మలినం ఉన్న నీళ్లలో అదే బుడగ అందులో సగం వేగంతో పోతుంది.

ఇప్పుడు అంకెలు కలుపుదాం. కదిలే ఉపరితలం ఉన్న బుడగకు కేఎల్ సెకనుకు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది. బిగిసిన బుడగకు సెకనుకు 0.1 మిల్లీమీటరు దగ్గరికి పడిపోతుంది. వైశాల్యం వైపు చూస్తే, పైకి వచ్చే బుడగ నాలుగు మిల్లీమీటర్ల నుంచి రెండుకు తగ్గితే అదే గాలికి వైశాల్యం రెండింతలు. వేగం తగ్గి బుడగ నీళ్లలో ఇంకాసేపు ఉంటుంది గనక రెండున్నర అనుకుందాం. రెండున్నర రెట్లు వైశాల్యం, నాలుగున్నర రెట్లు తక్కువ కేఎల్. మిగిలేది సగానికి కొంచెం ఎక్కువ. నురగను చూసి ఆక్సిజన్ పెరిగిందనుకునే చోట నిజానికి దాదాపు సగం పోయింది.

మురుగునీటి కేఎల్ఏని మంచినీటి కేఎల్ఏతో భాగిస్తే వచ్చేదాన్ని ఆల్ఫా అంటారని నీకు తెలుసు. సన్న బుడగల డిఫ్యూజర్లకు ఆల్ఫా సాధారణంగా 0.3 నుంచి 0.6 మధ్య ఉంటుంది. పెద్ద బుడగల పద్ధతులకూ, పైన నీళ్లు చిమ్మే ఏరేటర్లకూ 0.6 నుంచి 0.9 దాకా వస్తుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. పెద్ద బుడగ, చిమ్మే నీరు ఉపరితలాన్ని అల్లకల్లోలంగా చీల్చి ఎప్పటికప్పుడు కొత్తది పుట్టిస్తాయి. సర్ఫక్టెంటు అణువు వచ్చి కూర్చునేలోపే ఆ ఉపరితలం పోయి మరోటి వస్తుంది. సన్న బుడగ మాత్రం నాలుగు మీటర్లు ఇరవై సెకన్లపాటు ఒకే చర్మంతో ప్రయాణిస్తుంది, అణువులకు కావలసినంత తీరిక. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టెన్‌స్ట్రామ్, ఆయనతోపాటు రోసో ఈ విషయం మీద చాలా ఏళ్లు పనిచేశారు. 2006లో వాళ్లు వాటర్ రీసెర్చ్ పత్రికలో రాసినది ఏరేషన్ చూసే ప్రతివాళ్లూ ఒకసారి చదవాలి.

అణువుల తీరిక అన్నాను, దానికీ లెక్కుంది. ఉపరితలం నిండడానికి పట్టే సమయం గాఢత వర్గానికి విలోమంగా మారుతుంది. సోడియం లారిల్ సల్ఫేట్ అనే సర్ఫక్టెంటు తీసుకుంటే, లీటరుకు రెండు గ్రాములపైన, అంటే అణువులు గుంపులుగా చేరి మైసెల్‌లు కట్టే గాఢత దగ్గర అది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. లీటరుకు 10 మిల్లీగ్రాములైతే కేవలం వ్యాపనంతో నిండాలంటే ఇరవై ముప్పై సెకన్లు. నీ ట్యాంకులో ఉండేది ఈ రెండో రకం గాఢతే. అంటే బుడగ ట్యాంకు అడుగున బయలుదేరినప్పుడు కదిలే చర్మంతోనే ఉంటుంది, పైకి వస్తున్నకొద్దీ టోపీ పెరుగుతూ చుట్టుకుంటుంది. ట్యాంకు పైసగం కన్నా కింది సగం ఆక్సిజన్ బాగా ఇవ్వడానికి లోతు వల్ల వచ్చే పీడనం ఒక కారణం, ఇది రెండో కారణం.

నీ డీఓ లెక్క చూద్దాం. 30 డిగ్రీల దగ్గర నీళ్లలో ఆక్సిజన్ సంతృప్త విలువ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. లోతు వల్ల ఇది కొంత ఎక్కువే ఉంటుంది, లెక్క తేలిక కోసం వదిలేద్దాం. డీఓ 2 ఉన్నప్పుడు తోపుడు, అంటే సంతృప్త విలువకీ డీఓకీ తేడా, 5.5. బ్యాక్టీరియా వాడకం మారలేదనుకుంటే, కేఎల్ఏ కేవలం ఇరవై శాతం తగ్గినా అదే ఆక్సిజన్ ఇవ్వడానికి తోపుడు 6.9 కావాలి. అంటే డీఓ 0.6కి పడాలి. నీకు కనిపించిన అంకె అదే. అంత పెద్దగా కనిపించిన పతనం వెనక ఉన్నది కేఎల్ఏలో అయిదో వంతు తగ్గుదల మాత్రమే కావచ్చు. మామూలు రోజుల్లోనూ నీ ట్యాంకు ఆల్ఫా తక్కువగానే నడుస్తోంది, కడిగిన నీళ్లు వచ్చిన రోజున ఇంకాస్త దిగింది, అంతే.

అయితే వాడకం మారలేదన్నది నేను అనుకున్న మాట. డిటర్జెంటు తానే బ్యాక్టీరియాకు తిండి. ఈ రోజుల్లో పొడుల్లో ఉండే సరళ గొలుసు సర్ఫక్టెంట్లు గాలి తగిలే ట్యాంకులో బాగానే అరుగుతాయి. 1950ల్లో వాడిన కొమ్మల గొలుసు రకం అరగక యూరప్, అమెరికా నదుల్లో నురగ కొండల్లా లేచింది. 1960ల మధ్యలో అక్కడ వాటిని మార్చుకున్నారు. కడిగిన నీళ్లతోపాటు పాత్రల్లో మిగిలిన ద్రావకాలూ వస్తాయి, వాటి సీఓడీ (వాటిని అరిగించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) వేరే. కాబట్టి ఆక్సిజన్ ఇవ్వడం తగ్గిందా, అడగడం పెరిగిందా అన్నది ముందు తేల్చుకో. ట్యాంకు నీళ్లు ఒక సీసా నిండా తీసుకుని, గాలి బాగా ఆడించి, డీఓ మీటరు పెట్టి మూత బిగించి, డీఓ నిమిషానికి ఎంత పడుతోందో చూడు. మామూలు రోజు, కడిగిన రోజు రెండూ చూస్తే సగం సమాధానం చేతికొస్తుంది. రెండు రోజులూ ఒకేలా పడితే తప్పు ఆక్సిజన్ ఇచ్చే వైపుంది.

కళ్లతో చూడాలని ఉంటే ఇంట్లో చేయగల రెండు పనులు చెబుతాను. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పైన పలచగా పసుపు చల్లు. కుంకుడుకాయ నానబెట్టిన రసంలో అగ్గిపుల్ల కొన ముంచి మధ్యలో తాకించు. పసుపంతా ఒక్క క్షణంలో అంచులకు పరుగెత్తుతుంది. తలతన్యత ఎక్కువ ఉన్న అంచు లాగేసుకుంది, మారంగోని అంటే అదే. మళ్లీ తాకించు, ఏమీ కదలదు. ఉపరితలమంతా ఒకేలా అయిపోయింది, తలతన్యత తక్కువే ఉంది కానీ తేడా లేదు. తక్కువకీ తేడాకీ మధ్య భేదం ఇంతకన్నా బాగా చూపించే ప్రయోగం నాకు తెలియదు. రెండోది, మీటరు పొడవు గాజు గొట్టం గానీ పారదర్శకమైన పైపు గానీ తీసుకో. లోపల చెయ్యి తగిలిన జిడ్డు కూడా లేకుండా వేడినీళ్లతో చాలాసార్లు కడిగి ఆర్ఓ నీళ్లు నింపు. అడుగునుంచి సన్నటి సూదితో ఒక్కో బుడగ వదిలి పైకి రావడానికి పట్టే సమయం ఫోన్లో వీడియో తీసి చూడు. తర్వాత ఒక్క చుక్క కుంకుడు రసం వేసి మళ్లీ వదులు. నెమ్మదిస్తుంది, బుడగ మరింత గుండ్రంగా కనిపిస్తుంది. కుంకుడులో ఉండే సపోనిన్‌లు ఉపరితలాన్ని గట్టిగా పట్టుకునే రకం, అందుకే అంత కొద్ది రసానికే ఫలితం కనిపిస్తుంది. గొట్టం సరిగా కడగకపోతే మొదటి బుడగే నెమ్మదిగా పోతుంది, అప్పుడు తేడా కనిపించదు. అది ప్రయోగం చెడిపోయినట్టు కాదు, అంత కొద్ది మలినం చాలని చెబుతున్నట్టు.

ఇక నువ్వు చేయాల్సింది.

యాంటీఫోమ్ మీద చెయ్యి వేసే ముందు ఆగు. నురగ చూడగానే డబ్బా ఒంపడం అన్ని ప్లాంట్లలో అలవాటు. సిలికోన్ యాంటీఫోమ్ తలతన్యత 21 దాకా ఉంటుంది, నురగ పొర మీద పరుచుకుని దాన్ని తెంపుతుంది. నురగ పోతుంది, చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. కానీ అదే మందు నీళ్లలోని బుడగల్నీ కలిపేసి పెద్దవి చేస్తుంది, పైగా దాని చుక్కలు బుడగ చర్మం మీదా చేరతాయి. నువ్వు సంపాదించుకున్న వైశాల్యం పోతుంది, పోయిన కేఎల్ తిరిగి రాదు. డీఓ ఇంకా పడుతుంది. నురగ నడకదారి మీదికి వచ్చి మనిషి జారే ప్రమాదం ఉంటే ముందు నీటి స్ప్రే కొట్టు, అప్పటికీ లొంగకపోతేనే మందు, అదీ నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా. వాడేసిన నూనె, కిరోసిన్ లాంటివి ట్యాంకులో వేయమని ఎవరు చెప్పినా వినకు.

తక్కువ నురగ ఇచ్చే డిటర్జెంటు కొంటే సరిపోతుందని కూడా అనుకోవద్దు. నురగ రాకపోవడం వేరు, బుడగ చర్మం కదలడం వేరు. తక్కువ నురగ రకాలూ ఉపరితలం మీద చేరతాయి, కేఎల్‌ని దించుతాయి. అప్పుడు నురగ అనే గుర్తు కూడా ఉండదు, డీఓ మాత్రం పడుతుంది. కొనుగోలు విభాగానికి ఈ ముక్క తప్పక చెప్పు.

అసలైన మందు ఈక్వలైజేషన్ ట్యాంకులో, అంటే వచ్చిన నీళ్లను ముందు నిలవచేసి సమంగా పంపే ట్యాంకులో ఉంది. కడిగిన నీళ్లు రెండు మూడు గంటల్లో ఏరేషన్‌లోకి తోసెయ్యకుండా రోజంతా సన్నగా పంపితే సర్ఫక్టెంటు గాఢత ఎప్పుడూ హద్దు దాటదు, బ్యాక్టీరియా వచ్చింది వచ్చినట్టు తినేస్తుంది. స్లడ్జ్ (ట్యాంకులోని బ్యాక్టీరియా బురద) వయసు ఎక్కువ ఉన్న ప్లాంట్లలో ఆల్ఫా మెరుగ్గా ఉంటుందని రోసో, స్టెన్‌స్ట్రామ్ చూపించిన కారణం కూడా ఇదే, ముసలి స్లడ్జ్ సర్ఫక్టెంటును త్వరగా మింగేస్తుంది. గత నెల స్లడ్జ్ ఎక్కువగా తీసేశామని రాశావు. ఆ వారంలోనే నురగ ఎక్కువైందేమో లాగ్‌బుక్కులో సరిచూడు. నురగ తెల్లగా తేలిగ్గా ఉంటే డిటర్జెంటు గానీ లేత స్లడ్జ్ గానీ. గోధుమరంగులో జిడ్డుగా, చీపురుతో తోసినా కదలకుండా ఉంటే అది నూనెను ఇష్టపడే తీగలాంటి బ్యాక్టీరియా పని. దానికి వైద్యం వేరే, ఈ సమాధానమంతా దానికి పనికిరాదు.

ఆ రోజుకు బ్లోయరు పెంచితే కొంత లాభం ఉంటుంది, అయితే కరెంటు పెరిగినంతగా ఆక్సిజన్ పెరగదు. మూలన వాడకుండా పెట్టిన తేలే సర్ఫేస్ ఏరేటరు ఉందన్నావు కదా, దాన్ని నీళ్లు లోపలికి వచ్చే వైపు దింపు. సర్ఫక్టెంటు ఎక్కువ ఉండేది అక్కడే, డిఫ్యూజర్ల ఆల్ఫా అన్నిటికన్నా తక్కువ ఉండేదీ అక్కడే. చిమ్మే యంత్రానికి ఆ దెబ్బ తక్కువ.

చివరగా, డిటర్జెంటు మార్చే ముందు ఏది ఎంత దెబ్బ తీస్తుందో నువ్వే కొలుచుకో, అమ్మేవాళ్ల కాగితం మీద ఆధారపడొద్దు. ఇరవై లీటర్ల బకెట్టు, అక్వేరియం పంపు, గాలి రాయి, డీఓ మీటరు చాలు. స్లడ్జ్ లేని నీళ్లే వాడు, లేకపోతే బ్యాక్టీరియా వాడకం లెక్కలో కలుస్తుంది. మీ ఫ్యాక్టరీలో నైట్రోజన్ లైను ఉండే ఉంటుంది, దానితో నీళ్లలో ఆక్సిజన్ తరిమెయ్యి, ఆక్సిజన్ తీయడానికి సల్ఫైటు కలిపే గొడవ ఉండదు. నైట్రోజన్‌తో గదిలో కాకుండా ఆరుబయట చెయ్యి. తర్వాత గాలి తెరిచి అర నిమిషానికోసారి డీఓ రాసుకో. సంతృప్త విలువలోంచి డీఓ తీసేసి, దాని సహజ లాగరిథమ్ (ln) తీసి, సమయానికి ఎదురుగా గీస్తే వాలే గీత వస్తుంది. ఆ వాలే కేఎల్ఏ. మొదట కుళాయి నీళ్లకు, తర్వాత మీరు వాడే మోతాదులో ఒక్కో డిటర్జెంటు కలిపి చెయ్యి. ప్రతిసారీ గాలి రాయి మార్చు, బకెట్టు బాగా కడుగు, నీటి వేడి ఒకేలా ఉంచు. బకెట్టు లోతు నీ ట్యాంకు లోతు కాదు గనక అంకె ఉన్నదున్నట్టు తీసుకోకు, కానీ ఏది ఎక్కువ దించుతుంది, ఏది తక్కువ అన్న వరుస నమ్మదగినదే. ఆ వరుసనూ సీసాలో వచ్చిన వాడకం అంకెల్నీ ఇక్కడ పెట్టు. నీ ట్యాంకు కొలతలకు ఈక్వలైజేషన్‌లోంచి గంటకు ఎంత పంపొచ్చో కలిసి లెక్కవేద్దాం.